డొల్ల నింపిన చేతులు

సగం ఊపిరి వదిలేశాను, మిగతా సగం ఛాతీలో ఆగింది, పది మీటర్ల అవతల కాగితం మీద నల్ల వలయం, గొట్టం కొసన గురి చూసే ముందు సైటు మీదికి వచ్చి కూర్చుంది, కూర్చుని మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది, ఊగనీ, అసలు ఊగని చెయ్యి లోకంలో ఎవరికీ లేదు, ఊపు దానంతట అది సన్నబడే క్షణం ఒకటి వస్తుంది, అప్పుడు వేలు కదలాలి, నేను కదపకూడదు, అదే కదలాలి, ఇదిగో వస్తోంది, వస్తోంది, ఠప్. రైఫిల్ భుజంలోకి ఒక్క తోపు తోసి ఊరుకుంది. ఊరుకోవడం ఎంత బావుందో. పోయిన ఏడాది దాకా ఇది ఊరుకునేది కాదు, ప్రతి గుండు తర్వాతా ఖాళీ నూనె డబ్బా మీద దెబ్బ పడ్డట్టు ఒళ్లంతా మోగేది, ఆ మోత నా చెంప ఎముకలోంచి పళ్లలోకి పాకేది. ఇప్పుడు నిండుగా, పొట్టిగా, బరువైన తలుపు మూసుకున్నట్టు ఒక్క చప్పుడు. బటన్ నొక్కాను, కాగితం తీగ మీద గీరుకుంటూ నా దగ్గరికి వచ్చింది. పది. కాగితం తీసి కొత్తది పెట్టి పంపించాను. గొట్టాన్ని మడతబందు దగ్గర కిందికి విరిచి తెరిచాను, గుండు పెట్టాను, మూశాను. ఇలాగే నలభై సార్లు, గంటలోపల. రాష్ట్ర పోటీలు, మహిళల ఓపెన్ సైట్ ఎయిర్ రైఫిల్, మన విశాఖపట్నంలోనే, మా ఇంటి నుంచి ఒక బస్సు, ఒక ఆటో దూరంలో. నా వెనక, అద్దం అవతల, ప్రేక్షకుల బెంచీ మీద మా అత్త అసిరమ్మ కూర్చుని ఉంది, ఒళ్లో టిఫిన్ క్యారేజీ పెట్టుకుని. చూడను. వెనక్కి తిరిగి చూడకూడదు. కానీ ఆవిడ నన్ను చూస్తోందని నా మెడ వెనక చర్మానికి తెలుస్తోంది.

ఉదయం సామాను తనిఖీ దగ్గర ఆవిడ నా పక్కనే నిలబడింది, వద్దంటే వినలేదు. తనిఖీ చేసేవాడు రైఫిల్ తూకం వేశాడు, కొలత చట్రంలో పెట్టి తీశాడు, తర్వాత ఏం అనుమానం వచ్చిందో, స్టాక్ మీద వేలి కణుపుతో టకటకా కొట్టాడు. స్టాక్ అంటే రైఫిల్‌కి ఒళ్లు, ఇనప గొట్టాన్ని మోసేదీ, ఎడమ చేతికి ఆధారమయ్యేదీ, భుజానికి ఆనేదీ అదే, మంచివాటికి చెక్కతో ఉంటుంది, నాలాంటి వాళ్లవాటికి నల్ల ప్లాస్టిక్‌తో, పైకి చూస్తే గట్టిగానే ఉంటుంది, లోపల మాత్రం డొల్ల. అతనికి డొల్ల చప్పుడు వినిపించలేదు. మళ్లీ కొట్టాడు. "ఏం నింపారండీ ఇందులో?" అన్నాడు. రెసిన్, గ్లాసు ఫైబర్ అన్నాను. "కంపెనీలో చేయించారా?" నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "కంపెనీయేటి బాబూ, ఇంటికాడే సేసుకున్నాం. నానూ నా కోడలూ." అతను ఆవిణ్ణి చూసి, నన్ను చూసి, నవ్వాపుకుని, పచ్చ స్టిక్కరు తీసి స్టాక్ మీద అంటించాడు. ఆ స్టిక్కరు ఇప్పుడు నా కుడి దవడకి వేలెడు దూరంలో ఉంది, దాని జిగురు వాసన కూడా వస్తోంది, అంటే ముక్కు పని చేస్తోంది, చెవులు పని చేస్తున్నాయి, గుండె కొట్టుకుంటోంది గాని తరమడం లేదు. మొదటి పది గుళ్లూ అయిపోయాయి. తొంభై ఏడు. ఇది నేనేనా.

ఇక్కడిదాకా ఎప్పుడూ బాగానే ఉంటుంది, ఆశపడకు. పోయిన ఏడాదీ ఇక్కడిదాకా బాగానే ఉంది. రెండో పదిలో గుళ్లు ఎడమకి జరగడం మొదలయ్యాయి, మూడో పదిలో ఎడమకీ పైకీ, ఎవరో నా కాగితాన్ని పట్టుకుని మెల్లగా లాగేస్తున్నట్టు, నేను ఎంత సరిగ్గా చూస్తే అంత పక్కకి, చివరికి చెమటకి కనురెప్పలు అతుక్కుపోయి, ఆఖరి గుళ్లు ఎక్కడ పడుతున్నాయో కూడా చూడకుండా పేల్చేసి బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను. మా కోచ్ శివరామకృష్ణ సార్ పక్కన నిలబడ్డారు, నేవీలో పనిచేసి రిటైరైన మనిషి, కోప్పడరు, అదే కష్టం. "మధులతా, నేను మొదట్నించీ చెబుతున్నదే. మీ చూపు మంచిది, నిలబడే తీరు మంచిది. మనసుకి కుదురు లేదమ్మా. టెన్షన్ మనిషి మీరు." నేను తల ఊపాను. కొత్త మాటా అది? పద్దెనిమిదేళ్లప్పుడు ఉక్కునగరం క్లబ్బు తరఫున పోటీకి వెళ్లి సరిగ్గా ఇలాగే చెదిరిపోతే అప్పటి కోచ్ కూడా అదే అన్నాడు, మా నాన్న స్టీల్ ప్లాంటు డ్యూటీ మార్చుకుని మరీ చూడ్డానికి వచ్చి, తిరుగుదారిలో స్కూటర్ మీద తీసుకొచ్చి, ఇంటి ముందు దిగాక, "పోన్లే, అందరి చేతులూ ఒకలా ఉండవు," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ మాటతో రైఫిల్ క్లబ్బుకి తిరిగి ఇచ్చేశాను. రైఫిల్ ఇచ్చేశాను గాని మాట నాతోనే ఉండిపోయింది. చేతులు వణికే మనిషిని నేను. అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీ ల్యాబులో సెక్షన్ చూసుకోమంటే వద్దన్నాను, పదిమంది ముందు మాట్లాడాలి కదా, వణుకుతాను. ఇంట్లో నాకు స్కూటీ కొన్నారు, హైవే ఎక్కలేదు, లారీలు కదా, వణుకుతాను. ఎవరూ నన్ను భయపెట్టలేదు, నేనే ఆ మాటని చీర కుచ్చిళ్లలాగా రోజూ సర్దుకుని దోపుకున్నాను. నాకు ముప్పై ఐదు దాటాక ఒకసారి మా ఆయన దేవీప్రసాద్, పోర్టులో క్రేన్ నడుపుతాడు, ఏదో పెళ్లి నుంచి వస్తూ దారిలో బెలూన్లు పేల్చే బండి దగ్గర ఆగాడు. నేను వరసంతా పేల్చేశాను. బండివాడు తుపాకీ లాక్కున్నంత పని చేశాడు. మా ఆయన నోరు తెరుచుకుని, "ఏటి మధూ, ఇన్నాళ్లూ ఎక్కడ దాసేవు ఇది?" అన్నాడు. మర్నాటి ఆదివారమే నన్ను క్లబ్బుకి తీసుకెళ్లింది ఆయనే, ఈ ప్లాస్టిక్ ఒంటి రైఫిల్ కొనిపెట్టిందీ ఆయనే.

ఠప్. తొమ్మిది. కొంచెం కింద. ఫరవాలేదు. గొట్టం విరువు, గుండు, మూయి. ఎడమ అరచేతి మీద స్టాక్ బరువు కూర్చుంది, ఇదివరకటి కంటే ముందు వైపు బరువెక్కింది, ఆ బరువు నాకు ఇష్టం, పసిబిడ్డ తల అరచేతిలో పెట్టుకున్నట్టు కదలకుండా ఉంటుంది. బొటనవేలి కింద ఒక చిన్న బొడిపె తగులుతోంది. ఆ బొడిపె సంగతి తల్చుకుంటే ఇక్కడే నవ్వొచ్చేస్తుంది, తర్వాత, తర్వాత. ముందు ఊపిరి.

మెట్ల మీద కూలబడిన రోజు నుంచి ఓ నెల రైఫిల్ ముట్టుకోలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం సబ్బవరంలో మా ఇంటి వరండాలో, అమ్మేద్దామా అనుకుంటూ, దుమ్ము తుడుద్దామని రెండు దిళ్ల మీద పడుకోబెట్టాను. ఇనప గొట్టానికీ ప్లాస్టిక్ అంచుకీ మధ్య సన్నటి సందు ఉంటుంది, అందులో దుమ్ము పేరుకుంది, తీయడానికి చేతికందిన ఏదో పెళ్లికార్డు చింపి ముక్క దూర్చాను. హాయిగా జారింది. దిండు కదిలితే రైఫిల్ పడిపోకుండా ఎడమ చేత్తో కింద నుంచి పట్టుకున్నాను. కార్డు ఆగిపోయింది. లాగితే రాలేదు. చెయ్యి తీశాను. జారింది. పట్టుకున్నాను. ఆగింది. నేనెంతసేపు అలా తీస్తూ పట్టుకుంటూ కూర్చున్నానో. పొయ్యి మీద పాలు పొంగి మాడిన వాసన కూడా నాకు తెలియలేదు, అత్త కేకలేస్తూ వరండాలోకి వచ్చింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, చూడత్తా, పట్టుకుంటే వంగుతోంది, ఇది వంగుతోందత్తా, నేను కాదు, అన్నాను. ఆవిడకేం అర్థమైందో తెలీదు, నా ముఖం చూసి మాత్రం పాల సంగతి మర్చిపోయింది. చెయ్యి అలిసేకొద్దీ నేను కొంచెం కొంచెం ముందుకు జరిపి పట్టుకుంటాను, ముందుకు పోయేకొద్దీ ప్లాస్టిక్ ఇంకా వంగుతుంది, వంగి గొట్టాన్ని ఒక పక్కకి నొక్కుతుంది, గుళ్లు ఎడమకి పోతాయి, రెండో పదిలో కొంచెం, మూడో పదిలో ఇంకొంచెం. అదేగా జరిగింది. సార్‌కి ఫోన్ చేశాను. ఓపిగ్గా విన్నారు. "రైఫిల్‌ని అనడం ప్రతి షూటరూ ఒకసారి చేసే పనేనమ్మా," అన్నారు. "దాని మీద పెట్టే శ్రద్ధ ధ్యానం మీద పెట్టండి." నేను ధ్యానం చేయలేదు. స్టాక్‌కున్న మరలు విప్పాను. గొట్టం పక్కన పెట్టి స్టాక్ తిరగేసి చూపిస్తే అత్త అందులోకి తొంగి చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మా, ఇదేటే, లోపలంతా గుల్ల! ఎండిపోనాక ఆనపకాయలాగుంది. దీన్ని భుజానేసుకుని పోటీలకి ఎల్తన్నావా ఇన్నాళ్లూ?"

పడవలు గుర్తొచ్చింది నాకు. ఫిషింగ్ హార్బర్లో ఫైబర్ పడవలు చూశాను, అవీ పలచటి డొల్లలే, సముద్రం దెబ్బలు తింటాయి, వంగవు. మా ఆయన స్నేహితుడు వీరన్న అక్కడ పడవలకి అతుకులేస్తాడు, అతని దగ్గరికి మా ఆయన నన్ను తీసుకెళ్లాడు. ఎండుచేపల వాసన, రెసిన్ ఘాటు, తలకి తువ్వాలు చుట్టుకుని పడవ కడుపులో కూర్చున్న వీరన్న మమ్మల్ని చూసి లేచాడు. "ఏటి బావా, సెల్లెమ్మని ఎండలో తెచ్చేసినావు?" గాజుపీచుతో చేసిన తెల్లటి గ్లాసు మ్యాట్ ఓ చాపంత కోసిచ్చాడు, ఎవరో పారేసిన విరిగిన కార్బన్ గాలం కర్ర ఇచ్చాడు, ఇది వంగదమ్మా, రెండు ముక్కలుగా కోసి పొడుగూతా ఏసేయ్, అన్నాడు. పడవల రెసిన్ మాత్రం ఈ రకం ప్లాస్టిక్‌ని పట్టుకోదని నాకు తెలుసు, ల్యాబులో పని చేస్తాను కదా, అందుకని టౌన్లో ఎపాక్సీ జిగురు కొన్నాను, రెండు సీసాలు, రెసిన్ ఒకటి, గట్టిపరిచేది ఒకటి. ఎపాక్సీ అయినా నున్నటి ప్లాస్టిక్‌కి ఊరికే అంటదు. గరుకు కాగితంతో లోపలంతా గీకాను, స్పిరిట్‌తో తుడిచాను, సన్నటి బరమాతో లోపలి గోడల నిండా అవతలికి తేలకుండా గుంటలు పెట్టాను, రెసిన్ వాటిలోకి దిగి వేళ్లు తన్నుకున్నట్టు పట్టుకోవాలని. గొట్టం ఉండే చోట వాజిలీన్ పూశాను, మరల కన్నాలకి పిల్లలు ఆడుకునే బంకమట్టి కుక్కాను. భుజానికి ఆనే బట్ భాగం పెద్ద గుహలా ఉంది, దాన్నంతా రెసిన్‌తో నింపితే మొయ్యలేను, ఏం కలపాలా అని నేను తల గోక్కుంటుంటే అత్త చేటలో బియ్యం చెరుగుతూ అంది, "మట్టిగోడకి ఊక కలపమేటి? ఉత్త మట్టైతే బీటలిచ్చేత్తాది. దీన్లోనూ ఊక కలిపెయ్." చేటలోంచి చిటికెడు ఊక తీసి నలిపి చూశాను. తేలిక, గరుకు, ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. ఎందుక్కాకూడదు. ఊకని బాణలిలో వేయించి తడి లేకుండా చేశాం, ఇల్లంతా కొత్త ధాన్యం మాడినట్టు కమ్మటి వాసన.

ఠప్. పది. ఠప్. పది. రెండో పది అయిపోయింది, ఎడమకి జరగలేదు, నా చెయ్యి ముందుకు జరిగింది గాని గుళ్లు జరగలేదు. ఇటుపక్క లైనులో నిలబడిన అమ్మాయి రైఫిల్ దించి నీళ్లు తాగుతోంది, ఆమెది మెరిసే చెక్క స్టాక్, అందంగా ఉంది, ఉండనీ. నాది అందంగా లేదు. నాకు అందులో ప్రతి వేలెడు మేరా ఏముందో తెలుసు.

మొదటి పొర బాగా కుదిరింది. మ్యాట్ పరిచి, గాలం కర్ర ముక్కలు రెండు పక్కలా పెట్టి, బ్రష్‌తో రెసిన్ అద్ది, స్టాక్‌ని బియ్యం గంగాళంలో నిలబెట్టాం. మర్నాడు ముట్టుకుంటే రాయి. ఆ గట్టిదనం చూశాక నాకు ఒళ్లు తెలీలేదు. మిగిలింది కొంచెం కొంచెంగా పోయాలి, ఒకేసారి పోస్తే లోపల వేడి పుట్టి ఉడికిపోతుంది, నాకు తెలీదా, రోజూ చేసే పనే అది, తెలిసీ ఆత్రం ఆగక బట్‌లోకి కొంచెం పోసి, మిగతా ఊక కలిపిన రెసిన్ మొత్తం ముందు భాగంలోకి ఒంపేశాను. ఇద్దరం చేతులు దులుపుకుని మురిసిపోతూ చూస్తున్నాం. ముందు సన్నటి ఆవిరి. తర్వాత వాసన. అత్త స్టాక్ మీద చెయ్యి వేసి ఎగిరి పడింది. "మధూ! ఏటోలాగుందే! కాలిపోతంది, కాలిపోతంది, పొగొత్తంది సూడు!" ప్లాస్టిక్ మెత్తబడి ఒక చోట ఉబ్బుతోంది, నా కళ్ల ముందే, అప్పుడు నేను వణికానా? లేదు. ఇప్పుడు తల్చుకుంటే తెలుస్తోంది, వణకలేదు. అత్తా తడి తువ్వాళ్లు, అన్నాను, ఆవిడ చీర కుచ్చిళ్లు బిగించి ఆరేసిన తువ్వాళ్లన్నీ నీళ్లలో ముంచి తెచ్చింది, చుట్టబెట్టాం, ఒకరు పట్టుకుంటే ఒకరు నీళ్లు పోశాం, లోపలికి చుక్క పోకుండా నేను అంచు పైకెత్తి పట్టుకుని, ఆవిడ కింద చెంబుతో, జ్వరం వచ్చిన బిడ్డకి తడిగుడ్డ వేసినట్టు. ఉబ్బిన చోటని నేను పీటతో నొక్కి పట్టాను, అది చల్లారి గట్టిపడే దాకా వదల్లేదు. సరిగ్గా అప్పుడే మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. వరండా నిండా నీళ్లు, పొగ, బియ్యం, ఊక, మధ్యలో తడిసి ముద్దయిన ఇద్దరు ఆడవాళ్లు. "ఏటి, అత్తా కోడలూ కలిసి ఇల్లు తగలెట్టేత్తన్నారేటి?" అన్నాడు. అత్త చెంబు కింద పెట్టకుండానే, "నువ్వూరుకోరా. పురుడొచ్చినట్టుంది మాకిక్కడ," అంది. ముగ్గురం నవ్వాం, నేను పీట వదలకుండా నవ్వాను, కడుపులో నొప్పి వచ్చేదాకా. ఆ బొడిపె పూర్తిగా దిగలేదు. అదే ఈ బొడిపె.

ఇంతా చేసి మొదటిసారి క్లబ్బుకి తీసుకెళితే గుళ్లు ఇదివరకటి కంటే అధ్వాన్నంగా పడ్డాయి, ఈసారి కుడికి. నేను బాత్రూంలోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను. ఇంటికి వచ్చి కార్డు దూర్చి చూశాను, ఎక్కడ పట్టుకున్నా, ఎంత నొక్కినా, జారుతోంది. స్టాక్ వంగడం లేదు. మరి? రెండు రోజులు బస్సులో అచ్యుతాపురం వెళ్తూ వస్తూ అదే ఆలోచన, పరవాడ దగ్గర బస్సు కుదిపినప్పుడు పక్కనున్నామె ఒరిగి నా మీద పడింది, నేను మాత్రం కుదుపు రాకముందే దానికి ఎదురు వైపు ఒంగి ఉన్నాను, రోజూ అక్కడ గుంట ఉంటుందని నా ఒంటికి తెలుసు కాబట్టి. అప్పుడు అర్థమైంది. ఆ డొల్ల వంగుతుందని నా ఒంటికి తెలుసు, నాకు తెలియకపోయినా, ఏళ్ల తరబడి అది ఎడమకి పోతుంటే నేను కుడికి లాగుతూ వచ్చాను. ఇప్పుడు వంగేది పోయింది, లాగడం మిగిలింది. దాన్ని వదిలించుకోవడానికి నెలలు పట్టింది. గోడ వైపు నిలబడి గుండు లేకుండా, ఉదయం బస్సుకి ముందు, సాయంత్రం బస్సు దిగాక. గట్టి స్టాక్‌తో ఒక చిక్కుంది, ఎవరికీ చెప్పలేదు ఇది. దానితో ఇక సాకు లేదు. ఇవాళ చెదిరితే ప్లాస్టిక్ మీదికి తోయడానికి లేదు. ఇవాళ చెదిరితే నాన్న చెప్పిందే నిజం, సార్ చెప్పిందే నిజం.

ఠప్.

చెప్పుకోకూడదు అలాంటివి, గుండు పేలాక తెలిసింది వేలు తొందరపడిందని. బటన్. తీగ గీరుకుంటూ వస్తోంది కాగితం, దూరం నుంచే కనిపిస్తోంది కన్నం, ఎడమకి. ఏడు. మూడో పది, ఎడమకి. కాళ్ల కింద నేల మెత్తబడ్డట్టయింది. మెట్లు కనిపించాయి, ఆ మెట్ల మీద నేను. మెడ వెనక అత్త చూపు. మళ్లీ మొదలైంది, ఎంత నింపినా మళ్లీ, రైఫిల్ దించు, మధులతా, దించు ముందు. దించి బల్ల మీద ఆనించాను. టైముంది. ఎడమ అరచెయ్యి స్టాక్ కింద పెట్టి గట్టిగా నొక్కాను. కదల్లేదు. మరింత ముందుకి జరిపి నొక్కాను. ఇనుములా ఉంది. నువ్వు కాదు, నువ్వు చేయలేదు, సరే. మరి చేసిందెవరు, నేను. నేనేం చేశాను? సాకు గురించి ఆలోచిస్తూ వేలు లాగేశాను. అంతే కదా. అంతే. తప్పు నాది. ఆ మాట అనుకున్నాక భయం పెరగాలి, పెరగలేదు, ఆశ్చర్యంగా భుజాలు దిగాయి, దవడ వదులైంది, ఎందుకంటే, ఆగు, ఎందుకంటే ప్లాస్టిక్ వంగితే నేను ఇక్కడ నిలబడి ఏమీ చేయలేను, గుండు గుండుకీ అది వంగుతూనే ఉంటుంది, నా తప్పైతే ఒక్క గుండుతో సరి. నా తప్పుని నేను దిద్దుకోగలను. ఎవరైనా ఇన్నేళ్లలో ఈ మాట చెప్పారా నాకు, నీ తప్పు నీ చేతిలో పని అని, నీ పుట్టుక కాదని? చేతుల వైపు చూసుకున్నాను. పొడిగా ఉన్నాయి. ఊరికే ఉన్నాయి. గోళ్ల పక్కన ఎపాక్సీ మరకలు ఎప్పుడో పోయాయి. వణకడం లేదు. ఏడు పడ్డాక కూడా వణకడం లేదు.

విరువు, గుండు, మూయి. సగం ఊపిరి. నల్ల వలయం వచ్చి కూర్చుంది. ఊగనీ. ఠప్, పది. విరువు, మూయి, ఠప్, పది, ఇటుపక్క అమ్మాయి ముగించి వెళ్లిపోయింది, ఠప్, తొమ్మిది, సరే, ఠప్, పది, మూడో పది దాటేశాను, అక్కడ లోయ ఉంటుందనుకున్నాను, మామూలు నేలే ఉంది, ఠప్, బయట ఎక్కడో ఓడ కూత, పోర్టులో మా ఆయన క్రేన్ గదిలో ఎత్తున కూర్చుని ఉంటాడు, ఆ ఎత్తున బొగ్గు తొట్టి ఊగుతుందట, ఊపు తగ్గేదాకా ఆగి దించడమే పని అంటాడు, నేనూ అదే చేస్తున్నాను, ఠప్, పది, ఎంత ఆకలిగా ఉందో, ఆకలి వేస్తోందంటే భయం లేదన్నమాట, ఠప్, పది, ఇది ఆఖరిది కావాలని లేదు, ఇంకో నలభై ఇవ్వండి, ఇంకో గంట ఇవ్వండి, ఈ చప్పుడు వింటూ సాయంత్రం దాకా నిలబడగలను, ఊపిరి, వలయం, వేలు దానంతట అది కదిలింది, నేను కదపలేదు, ఒట్టు, అదే కదిలింది.

"స్టాప్," అన్నారు మైకులో.

కాగితాలన్నీ లెక్కపెట్టి ఫలితాలు గోడకి అంటించేసరికి జనం గుమిగూడారు, నాకు వెళ్లాలనిపించలేదు, అత్త పక్కన బెంచీ మీద కూర్చుని క్యారేజీ విప్పి చేత్తోనే పులిహోర తింటున్నాను. అత్తే లేచి జనంలోకి తోసుకుంటూ వెళ్లింది, చదవడం రాదు, ఎవర్నో అడిగి నా పేరు మీద వేలు పెట్టించుకుంది, ఆ వేలు మీద తన వేలు పెట్టి పైకి ఎన్ని పేర్లున్నాయో తడుముకుంది. పైన ఏమీ లేదు. "ఓలమ్మో! దీని మీద ఎవుళ్లూ నేరే!" ఆ కేకకి హాలంతా ఇటు తిరిగింది. నేను నోటినిండా పులిహోరతో నిలబడిపోయాను. ఆవిడ వచ్చి నా రెండు చెంపలూ నిమిరి మెటికలు విరిచింది. "మొగుడికి ఫోన్ సెయ్యి బేగి," అని నన్ను తొందరపెట్టి, నేను చేసేలోపే తనే కూర్చుని కొంగుతో కళ్లొత్తుకుంది.

శివరామకృష్ణ సార్ వచ్చారు. అభినందించి, "ఒకసారి ఇస్తారా?" అని రైఫిల్ తీసుకున్నారు. రెండు బొటనవేళ్లతో స్టాక్ ముందు భాగం నొక్కారు. గట్టిగా నొక్కారు, గోళ్లు తెల్లబడ్డాయి.

"నిజంగానే వంగేదా అమ్మా ఇది?"

"వంగేది సార్."

ఆయన రైఫిల్ తిరిగి ఇవ్వలేదు, అలాగే పట్టుకుని నేల చూస్తున్నారు. "క్లబ్బులో ఇలాంటివి ఇంకో నాలుగున్నాయి. ఆడపిల్లలకి అవే ఇస్తాం." బొటనవేలితో స్టాక్‌ని మళ్లీ నొక్కారు. "నీలిమ అని, చూశారుగా, ఇంటర్ చదివే అమ్మాయి. మొన్న వచ్చి మానేస్తానంది. నావల్ల కాదు సార్, చేతులు వణుకుతున్నాయి అంది. సరేనమ్మా, అందరికీ రావాలని లేదు అన్నాను."

పులిహోర క్యారేజీకి మూత పెట్టేశాను. కోపం కాదు. ఆ పిల్ల రైఫిల్ తిరిగి ఇచ్చేస్తున్నప్పటి ముఖం నేను చూడలేదు గాని నాకు తెలుసు. చేయి చీరకి తుడుచుకున్నాను. "ఫోన్ కలపండి సార్."

"ఇప్పుడా? ఏమని చెప్పను?"

"మీరు కలపండి, నేను మాట్లాడతాను."

ఆయన కలిపి నా చేతిలో పెట్టారు. రింగవుతోంది. బయట సముద్రపు గాలి తలుపుని కొడుతోంది. అవతల ఎవరో ఎత్తారు, సన్నటి గొంతు, జంకుతూ, "హలో, సార్?" అంది.

"సార్ కాదమ్మా, నేను మధులతని. క్లబ్బులో నీ రైఫిల్ ఎవరికీ ఇవ్వనివ్వకు. అది తీసుకుని ఆదివారం పొద్దున్నే సబ్బవరం వచ్చెయ్, మా ఇంటికి," అన్నాను. "నీ చేతులకేం కాలేదు."